కత్తెర పడని తాను

మా చెల్లెలి గురించి చెప్పాలంటే ముందు మా తమ్ముడి గురించి చెప్పాలి. ఏం చేస్తాం, ఆ ఇంట్లో నలభై ఏళ్లుగా వాడి గురించి తప్ప ఇంకొకరి గురించి మాట్లాడుకున్నది లేదు.

మాది దర్జీ కొట్టు. మెట్ల కింద రైలుపెట్టెలా పొడుగ్గా ఉండే గది. గుమ్మం దగ్గర గుడ్డ కత్తిరించే బల్ల, దాని వెనక రెండు కుట్టుమిషన్లు, గోడ వారన నా ఇస్త్రీ బల్ల, అన్నిటికన్నా చివర, వెలుతురు చేరని మూల, ఒక స్టూలు. మా ఆయన చొక్కా కత్తిరించి బాడీ కుడతాడు. మా తమ్ముడు కాలర్ మాస్టరు. అంటే కాలరొక్కటే కుడతాడు. నలభై ఏళ్లలో ఒక జేబు కుట్టింది లేదు, ఒక చెయ్యి అతికించింది లేదు. ఊడిన బొత్తాం చేతికిస్తే చచ్చిన పురుగును చూసినట్టు చూసేవాడు. కాలరు నిటారుగా నిలబడాలని లోపల గట్టి గుడ్డ ఒకటి పెడతారు, బకరం అంటారు. "మీ తమ్ముడు బకరం కాలర్లో పెట్టడు వదినా, మెడలో పెట్టుకు తిరుగుతాడు" అనేది మా మరదలు. లోకంలో అందరూ ఏదో గెలిచినప్పుడు కాలరెగరేస్తారు. వీడు పొద్దున్నే మొహం కడుక్కోగానే ఎగరేసేవాడు.

మాకీ పనులు పంచింది మా నాన్న. ఆయనా దర్జీయే. నాకు పన్నెండేళ్లప్పుడు చేతిలో ఇస్త్రీపెట్టె పెట్టాడు. "నీ నోటికీ దీనికీ జోడీ కుదిరింది. రెండూ చల్లారవు" అన్నాడు. తమ్ముడు ప్రతిదానికీ మెడ చాచి చూస్తున్నాడని కాలరు నేర్పాడు. చెల్లి అప్పటికి ఇంకా పసిది. దాని వంతు వచ్చేలోపు ఆయన పోయాడు. దానికి ఏ పని ఇద్దామనుకున్నాడో ఆయనకే తెలియాలి. మేమెవరం ఇవ్వలేదు. దాని మానాన అది పాక్కుంటూ వెళ్లి ఆ మూల స్టూలెక్కి కూర్చుంది. అక్కడే పెద్దదైంది. వచ్చిపోయేవాళ్లు దాన్ని మూలపిల్ల అన్నారు. యాభై దాటినా అదే పేరు.

దానికి పని లేదనుకునేరు! కొట్టులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా వినపడేది దాని పేరొక్కటే. మూలపిల్లా, బొత్తాలు కుట్టు. మూలపిల్లా, ఈ అంచు మడిచెయ్యి. మూలపిల్లా, దారం అయిపోయింది, పరుగెత్తు. కుట్టు తప్పు పడితే బ్లేడు ముక్కతో ఒక్కో పోగూ తెంపి, గుడ్డ చిరగకుండా విప్పేది కూడా అదే. ఎవరు రాకపోతే వాళ్ల బదులు అది, కాలరొక్కటి తప్ప. అయినా ఎవరైనా "మీ చెల్లెలేం చేస్తుందండీ?" అని అడిగితే మా తమ్ముడు, "దానికి ఒక పనీ రాదండీ" అనేవాడు. ఒక పని రాదు, నిజమే. అన్నీ వచ్చు. అన్నీ వచ్చిన మనిషిని ఏమనాలో వాడికి తెలియదు.

ఒకే ఒక్కసారి అది నోరు తెరిచి అడిగింది. "అన్నయ్యా, నన్నోసారి కాలరు కుట్టనివ్వవా?"

"కాలరు పనంతా రెండు మూలల్లోనే ఉంటుందే. మొన ముడత పడకుండా తిప్పాలి. నీకది చేతకాదు" అన్నాడు వాడు. "నువ్వు కూర్చున్న మూల చాల్లే నీకు."

అది నవ్వేసి బొత్తాలు ఏరుకుంది. నేనైతే ఇస్త్రీపెట్టె వాడి వీపున పెట్టేదాన్ని.

ఇంకో సంగతి. వీధి చివర ఎవరినో లారీ గుద్దితే, ఏ రక్తం ఎక్కించాలో తెలియక అందరూ హైరానా పడ్డారు. ఆ మర్నాడే మా తమ్ముడు తన పదకొండు చొక్కాలూ ముందేసుకుని, కాలర్ల లోపల చిన్న తెల్ల పట్టీ వేసి, ఎర్ర దారంతో 'బి పాజిటివ్' అని కుట్టుకున్నాడు. పైపైన అతికిస్తే వాడెందుకవుతాడు! ప్రతి కాలరూ విప్పి, పట్టీ అంచులు లోపలికి పోనిచ్చి, మళ్లీ కాలరు మూశాడు. "నాన్నదీ ఇదే రక్తం అక్కా. కాలరు కుట్టే రక్తం" అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, దాంతో పని ఉంది.

ఇదంతా అయి, తొమ్మిదేళ్ల కిందట వాడు సూదిలో దారం ఎక్కించలేకపోయాడు. కళ్లజోడు తప్పన్నాడు. తర్వాత మిషన్ తొక్కితే ఆయాసం. మిషన్ తప్పన్నాడు. మోచెయ్యి బల్లకి తగిలినచోటల్లా నల్లగా కమిలిపోయేది. బల్ల తప్పన్నాడు. ముక్కులోంచి రక్తం వచ్చి తెల్ల కాలరు మీద పడ్డాక గానీ ఆస్పత్రికి కదల్లేదు. అక్కడ రక్తం తీశారు, ఎముకలోంచి తీశారు, పెద్ద పెద్ద కాగితాల మీద రాశారు. రక్తపు కేన్సరన్నారు.

మాకు చెప్పిన డాక్టరమ్మ చిన్నపిల్ల. జడలో పెన్ను గుచ్చుకుని తిరిగేది. ఆమె గదిలో నేనూ మరదలూ కూర్చున్నాం. కుర్చీలు రెండే ఉన్నాయి, మూలపిల్ల గుమ్మంలో నిలబడింది. కుర్చీలు పది ఉన్నా అది గుమ్మంలోనే నిలబడేదిలెండి.

"రక్తంలో కణాలుంటాయమ్మా. అవి ఎముకల్లోపల మూలుగలో పుడతాయి" అంది డాక్టరమ్మ.

"మూలుగులోనా? అందుకే కాబోలు మూడు నెలల్నుంచీ ఒకటే మూలుగుతున్నాడు" అన్నాను.

"మూలుగు కాదమ్మా, మూలుగ. ఎముక మధ్య మెత్తగా ఉండే గుజ్జు. అందులో మూలకణాలని ఉంటాయి."

"ఏ మూలన?"

ఆ పిల్ల జడలోంచి పెన్ను తీసి మళ్లీ గుచ్చుకుంది. "మూల కాదమ్మా. మూలం. అంటే మొదలు. అవింకా ఏ పనిలోనూ కుదరని కణాలు. ఒకటి రెండవుతుంది. ఆ రెండిట్లో ఒకటి మూలకణంగానే ఉండిపోతుంది, రెండోది పని నేర్చుకోవడానికి పోతుంది. అది ఎర్రకణం కావచ్చు, రోగాలతో పోట్లాడే తెల్లకణం కావచ్చు, దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టించేది కావచ్చు."

నాకు కళ్లకు కట్టింది. "అంటే కత్తెర పడని గుడ్డ తాను అన్నమాట! కాలరు కింద కోస్తే కాలరు, జేబు కింద కోస్తే జేబు. ఒకసారి జేబయ్యాక కాలరు కాలేదు."

డాక్టరమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "అదేనమ్మా! కాకపోతే ఈ తాను ఎంత కోసినా తరగదు. కోసిన మేరకు మళ్లీ పెరుగుతుంది."

"అలాంటి తాను ఏ కొట్లో దొరుకుతుందమ్మా? నేను మూడు కొనుక్కుంటా."

"మీ ఎముకల్లోనే ఉంది."

ఇన్నేళ్లూ మోకాళ్ల నొప్పులు తప్ప నా ఎముకల్లో ఇంకేమీ లేవనుకున్నాను.

అసలు ఒళ్లంతా ఇంతేనట. కడుపులో పడ్డప్పుడు అందరం ఒకే ఒక్క కణం. అది రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. మొదట్లో దేనికీ ఏ పనీ ఉండదు. తర్వాత కొన్ని చర్మం పనికి పోతాయి, కొన్ని ఎముక పనికి, కొన్ని కంటి పనికి. ప్రతి కణం దగ్గరా మనిషి మొత్తం కొలతల పుస్తకం ఉంటుందట, కానీ ఏ కణమైనా తన పనికి కావలసిన పేజీలే తెరుస్తుందట. ఒకటి రెండయ్యేటప్పుడు ముందు ఆ పుస్తకం మొత్తానికి నకలు రాసుకుని, చెరొకటి తీసుకుని విడిపోతాయట. మా వీధిలో అన్నదమ్ములు ఇంత శుభ్రంగా విడిపోయింది నేను చూడలేదు.

"మరి మావాడికేమైందమ్మా?"

"నకలు రాయడంలో ఎక్కడో తప్పు పడింది. ఇప్పుడు పుట్టే కణాలు పని నేర్చుకోవట్లేదు. నేర్చుకోకుండానే రెండు నాలుగు, నాలుగు ఎనిమిది అవుతూ పోతున్నాయి. పని చేసే కణాలకి చోటు లేకుండా పోయింది."

"కొట్టు నిండా పని రాని వెధవలు చేరి మాస్టరుకి మిషన్ లేకుండా చేశారు."

"అచ్చం అంతే. అందుకని ముందు మందులిచ్చి కొట్టు మొత్తం ఖాళీ చేయిస్తాం. తర్వాత తోడబుట్టినవాళ్ల మూలకణాలు తీసి ఎక్కిస్తాం. అవి కుదురుకుంటే మీ తమ్ముడు బతుకుతాడు. కుదురుకోకపోతే..." ఆపేసింది. మరదలు నా చెయ్యి పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే బయట వరండాలో బట్టల బండి ఒకటి గడగడమంటూ పోయింది. గుమ్మంలో ఉన్న మా చెల్లెలికి సగం మాటలు వినపడ్డాయి, సగం బండి పట్టుకుపోయింది. అది మాకు అప్పుడు తెలియలేదు.

నాకూ చెల్లికీ పరీక్షలు చేశారు. నాది సరిపోలేదు. ఒకే తల్లి, ఒకే తండ్రి, అదే ఇల్లు, అయినా సరిపోలేదట. తోడబుట్టిన నలుగురిలో ఒకరికే అలా పూర్తిగా కలుస్తుందట. చెల్లిది మాత్రం అచ్చు దింపినట్టు కలిసింది. మంచం మీదున్న తమ్ముడికి ఆ సంగతి చెబితే లేచి కూర్చున్నాడు.

"దానిదా? ఇంకెవరూ లేరా?"

"ఉన్నారు. వీధి కుక్కని అడిగాం, రానంది" అన్నాను.

"అది కాదక్కా. దానికే ఒక పనీ రాదు. దాని కణాలకేం వస్తుంది?"

డాక్టరమ్మ అక్కడే ఉంది. "ఏ పనీ రాని కణాలే మాకు కావాలండీ. పని వచ్చేసిన కణం ఇందుకు పనికిరాదు. ఎర్రకణాన్ని చూడండి. పని చేతికి రాగానే తన దగ్గరున్న కొలతల పుస్తకం అవతల పారేస్తుంది. ఇక అది రెండు కాలేదు, ఇంకో పని నేర్చుకోలేదు. నాలుగు నెలలు ఒకటే చాకిరీ చేసి రాలిపోతుంది" అంది.

"ఈయనే" అంది మా మరదలు, మెల్లిగా.

మర్నాడు చెల్లిని సంతకానికి రమ్మన్నారు. తలకి గుడ్డ చుట్టుకుని వచ్చింది. డాక్టరమ్మ, తమ్ముడు, నేను, అందరం అక్కడే ఉన్నాం. గుడ్డ తీయమంటే తీసింది. రెండు చెవుల పైనా, కణతల మీద, అరచెయ్యంత మేర నున్నగా గొరిగేసి ఉంది. మధ్యలో మాత్రం జుట్టు బారుగా ఉంది.

"ఏంటే ఇది, పేలు పడ్డాయా?" అన్నాను.

"మీరేగా అన్నారు, మూల కణతలు తీస్తారని. వెంట్రుకలు అడ్డమెందుకని కుట్లు విప్పే బ్లేడుతో నేనే గీసేసుకున్నా. బాగానే వచ్చింది, చూడు, గీటు పడలేదు."

డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "కణతలు కాదమ్మా, కణాలు! అవి రక్తంలోంచి తీస్తాం. చేతికి సూది పెట్టి!"

"చేతికా?" చెల్లి రెండు చేతులతో రెండు కణతలూ తడుముకుంది. "అయ్యో, జుట్టు దండగైపోయిందే."

మేమందరం నవ్వేశాం. నవ్వనిది తమ్ముడొక్కడే. వాడు దాన్ని అంతసేపు చూడటం నేనెప్పుడూ చూడలేదు.

"కణతల్లోంచి తీస్తారనుకునే ఒప్పుకున్నావా?"

"ఊఁ."

"బుర్రకి రెండు పక్కలా చిల్లులు పెడితే బతుకుతావనుకున్నావా?"

"అదేం అడగలేదన్నయ్యా."

"మరేం అడిగావే?"

"నువ్వు బతుకుతావా అని అడిగా. కుదురుకుంటే బతుకుతాడన్నారు."

వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. వీపు కదులుతోంది. నవ్వో ఏడుపో నేనడగలేదు. అడిగితే దగ్గంటాడు.

ఆ తర్వాత దానికి నాలుగు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చారు. ఎముకల్లో ఉన్న మూలకణాలు రక్తంలోకి దిగి రావడానికట. "ఎముకల్లో ఎవరో మిషన్ తొక్కుతున్నట్టుంది అక్కా" అని మూలిగింది. అయిదో రోజు ఒక చేతిలోంచి రక్తం తీసి, యంత్రంలో తిప్పి, మూలకణాలు మాత్రం సంచిలో పట్టుకుని, మిగతా రక్తం రెండో చేతికి ఎక్కించారు. నాలుగు గంటలు కదలకూడదు. పుట్టి బుద్ధెరిగాక దాని చేతులు ఊరికే ఉన్నది ఆ నాలుగు గంటలే. నర్సు కోటుకి ఒక బొత్తాం వేలాడుతోందట. నాలుగు గంటలూ దాన్నే చూస్తూ గింజుకుంది. సూదులు తీసిన మరుక్షణం, "తల్లీ, ఆ కోటిలా ఇవ్వు" అంది.

సంచిలో చూస్తే గ్లాసుడు చిక్కటి ఎర్రనీళ్లున్నాయి. ఇంత పెద్ద గొడవంతా దీనికా అనిపించింది. తమ్ముణ్ణి అప్పటికే అద్దాల గదిలో పెట్టి మందులతో ఒళ్లంతా ఖాళీ చేశారు. తలమీద ఒక్క వెంట్రుక లేదు. సంచి తగిలించి, రక్తం ఎక్కించినట్టే గొట్టంలోంచి ఎక్కించారు.

"మరి ఎముకలోకి ఎవరు పెడతారమ్మా?" అని అడిగాను.

"ఎవరూ పెట్టక్కర్లేదు. రక్తంలో తిరిగి తిరిగి ఎముక ఎక్కడుందో అవే వెతుక్కుంటాయి" అంది డాక్టరమ్మ.

నా చెల్లెలు బొత్తాల కొట్టుకి పంపిస్తే చేపల బజార్లో తేలే మనిషి. దాని కణాలు దారి కనుక్కోవడమేంటని దాని ముందే అనేశాను.

పదిహేను, ఇరవై రోజులు చూడాలన్నారు. రోజూ పొద్దున గాజు కిటికీ అవతల పలక మీద లెక్క రాసేవారు. తెల్లకణాలు సున్నా. మర్నాడు సున్నా. ఆ మర్నాడూ సున్నా. చెల్లి రోజూ వచ్చి కిటికీ ముందు నిలబడి, "నావి దారి కనుక్కున్నాయా?" అని అడిగేది. లేదంటే తలొంచుకుని పోయేది. వాటిని అదే ఎక్కడో తప్పు మలుపు తిప్పినట్టు.

తమ్ముడు లోపల్నుంచి ఫోన్లో మాట్లాడేవాడు. బస్సు డ్రైవర్ల చొక్కాలు ముప్పై ఒప్పుకుని ఉన్నాడు జబ్బు పడకముందు. ప్రాణం గుప్పిట్లో ఉన్నా వాడి ధ్యాసంతా వాటిమీదే. "అక్కా, బాడీలు కుట్టి పెట్టమను బావని. కాలర్లు మాత్రం నేనొచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దు."

"ఎవరు ముట్టుకుంటార్రా, నీ కాలర్లకేం వచ్చింది" అన్నాను.

ఆ ఫోను పెట్టేసి కొట్టుకి వెళ్లేసరికి మా చెల్లి వాడి మిషన్ మీద కూర్చుని ఉంది. కణతల మీద వెంట్రుకలు చీపురుపుల్లల్లా లేస్తున్నాయి. ముందు పద్దెనిమిది కాలర్లు వరసగా పెట్టి ఉన్నాయి.

ఒకటి తీసి చూశాను. ఇస్త్రీ చేసేదాన్ని, నాకు తెలియదా? నలభై ఏళ్లుగా ఆ కాలర్లు నా చేతికింద నలిగినవే. రెండు మొనలూ సూదిలా ఉన్నాయి. ముడత లేదు.

"నీకెప్పుడొచ్చిందే ఇది?"

"అన్నయ్య తప్పు కుట్టినవి విప్పీ విప్పీ వచ్చింది."

"వాడు తప్పు కుట్టడమేంటి?"

"వారానికి రెండన్నా ఉండేవి అక్కా. ఎవరూ చూడకుండా నా బుట్టలో పడేసేవాడు. విప్పి మళ్లీ అన్నయ్య బల్లమీద పెట్టేదాన్ని. కుట్టేవాడికి పైనుంచే తెలుస్తుంది. విప్పేవాళ్లకి లోపల్నుంచి తెలుస్తుంది."

మా ఆయన అంతా విని, "వాడికి చెప్పకండి. అక్కడే ప్రాణం పోతుంది" అన్నాడు. ఏడాదికి ఒకసారి మాట్లాడతాడు ఆయన, మంచి మాటే మాట్లాడతాడు.

డ్రైవర్లు వచ్చి ముప్పై చొక్కాలూ పట్టుకుపోయారు. ఒక్కరూ మెడ తడుముకోలేదు.

పద్నాలుగో రోజు సున్నా. పదిహేనో రోజు మరదలు కిటికీ దగ్గరికి రానని వరండాలో కూర్చుంది. పదహారో రోజు పలక మీద గీత గీసి చెరిపేశారు, అదేంటో చెప్పలేదు. పదిహేడో రోజు డాక్టరమ్మ స్వయంగా వచ్చి అద్దం అవతల పలక ఎత్తి పట్టుకుంది. నాకు చదువు రాకపోయినా సున్నా కానిదేదో తెలుస్తుంది.

"కుదురుకున్నాయి!" అని అరిచింది లోపల్నుంచి. మాకు వినపడలేదు, పెదాలు కదిలిన తీరుకే తెలిసింది. మరదలు అక్కడే కూలబడి ఏడ్చింది. మూలపిల్ల నా భుజం మీద గట్టిగా చరిచి, "చూశావా! చేపల బజారుకి పోలేదు!" అంది.

ఇంకో మూడు వారాలకి వాణ్ణి ఇంటికి పంపించారు. మూతికి గుడ్డ, తలకి టోపీ, చుట్టూ ఎవరూ దగ్గరికి రాకూడదు. టాక్సీ మా వీధి మలుపులో బస్సు పక్కన ఆగింది. కిటికీలోంచి మెడ బయటపెట్టి కబుర్లాడుతున్న బస్సు డ్రైవర్ని వాడు చూశాడు. ఆ చొక్కా చూశాడు. మేం పట్టుకునేలోపు దిగి, వెళ్లి ఆయన కాలర్ పట్టుకున్నాడు.

"ఏంటి పెద్దాయనా! కాలర్ పట్టుకుంటున్నావేంటి? నేనేం చేశాను?" డ్రైవరు నిర్ఘాంతపోయాడు.

"ఎవరు కుట్టారిది?"

"ఎవరో కుట్టారు! వదులు ముందు!"

"ఏవండోయ్, ఎవర్నీ ముట్టుకోవద్దన్నారు!" అని మరదలు వెనక కేకలు. బస్సులో జనమంతా అటు పక్కకి ఒరిగి చూస్తున్నారు. వీడు మాత్రం ఆ మొన బొటనవేలితో తడిమాడు, తిప్పి తడిమాడు, రెండో మొన కూడా తడిమి వదిలేశాడు. టాక్సీలో కూర్చున్నాక, "నేను కుట్టిందే. ఎప్పుడు కుట్టానో గుర్తు లేదు. మందుల వల్ల మతిమరుపు" అన్నాడు.

నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో అది రెండోసారి. మొదటిది పెళ్లిలో.

ఆరు నెలలు గడిచాయి. జుట్టొచ్చింది, తిండి సయించింది, కాలరెగరేయడం మొదలైంది. అప్పుడు ఒక పరీక్ష చేసి చేతికి కాగితమిచ్చారు. అందులో 'ఓ పాజిటివ్' అని ఉంది. వాడు ఆస్పత్రిలో రభస చేశాడు.

"ఇది నా కాగితం కాదు! నాది బి పాజిటివ్! మా నాన్నది బి పాజిటివ్! కావాలంటే కాలరు చూడండి!" అని కాలరు తిప్పి చూపించాడు.

డాక్టరమ్మ పెన్ను తీసి గుచ్చుకుంది. "అప్పటిది అదేనండీ. ఇప్పుడు మీ ఎముకల్లో రక్తం తయారు చేస్తున్నవి మీ చెల్లెలి కణాలు. ఆమెది ఓ పాజిటివ్. కాబట్టి మీదీ ఓ పాజిటివే, ఇక ఎప్పటికీ."

"ఇక ఎప్పటికీనా?"

"ఇంకో మాట. ఎక్కడైనా మీ రక్తం ఇచ్చి, మగవారిదా ఆడవారిదా అని పరీక్ష చేయిస్తే ఆడవారిదనే వస్తుంది. కంగారు పడకండి."

నేను నవ్విన నవ్వుకి పక్కగదిలోంచి నర్సు పరుగెత్తుకొచ్చింది.

వాడు మర్నాడు పొద్దున పదకొండు చొక్కాలూ సంచిలో పెట్టుకుని కొట్టుకొచ్చాడు. మూల స్టూలు దగ్గరికి వెళ్లి సంచి దాని ఒళ్లో పెట్టాడు.

"ఈ పట్టీలు తీసేసి ఓ పాజిటివ్ అని వెయ్యి. లారీ గుద్దితే తప్పు రక్తం ఎక్కిస్తారు."

మూలపిల్ల ఒక చొక్కా తిప్పి చూసింది. "పట్టీ అంచులు లోపలికి పోయాయన్నయ్యా. కాలరు విప్పాలి."

"విప్పు. అది వచ్చుగా నీకు."

"విప్పుతా. మళ్లీ ఎవరు వేస్తారు?"

మా ఆయన మిషన్ ఆపాడు. నేను ఇస్త్రీపెట్టె నిలబెట్టాను. తమ్ముడు చొక్కావంక చూశాడు, పైకప్పువంక చూశాడు, దాని కణతలవంక చూశాడు. అక్కడ జుట్టు పెరిగింది గానీ మిగతా జుట్టుని ఇంకా అందుకోలేదు, రెండు పక్కలా కుచ్చుల్లా లేచి ఉంది.

"బస్సు డ్రైవర్ల చొక్కాలు నువ్వే కుట్టావా?" అన్నాడు.

అది బొత్తాల డబ్బాలోకి చూస్తూ, "మొనలు నీకంటే కొంచెం ఎక్కువ తిప్పాను. తప్పా?" అంది.

"తప్పే. ఇకనుంచి అలాగే తిప్పు."

ఆ మాట అన్నాక వాడికే ఏదోలా అయింది కాబోలు, కాలరు సర్దుకున్నాడు. "నేను కుట్టినా నువ్వు కుట్టినా ఒకటే రక్తమట. డాక్టరమ్మ చెప్పింది. లే, మిషన్ మీద కూర్చో."

అది లేచింది. వెళ్లి వాడి మిషన్ ముందు కూర్చుని, పీట ఎత్తు సరిచేసుకుని, బ్లేడు ముక్కతో మొదటి కాలరు విప్పింది. వాడికి నిలబడే ఓపిక లేదు. కొట్టంతా చూశాడు. ఖాళీగా ఉన్నది మూల స్టూలొక్కటే. వెళ్లి దానిమీద కూర్చుని అటూ ఇటూ ఊగాడు.

"ఏంటే, ఈ స్టూలు కుంటుతోంది?"

"నలభై ఏళ్ల నుంచీ కుంటుతోందన్నయ్యా" అంది అది, మిషన్ ఆపకుండానే.